హ్యాంప్టన్ కోర్టు దారిలో కింగ్‌స్టన్‌లోనూ దిగండి: ఒక బహిరంగ లేఖ

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, తెలుగు రాష్ట్రాల నుంచి లండన్ యాత్రలు నడిపే టూర్ నిర్వాహకులకు, ఆ యాత్రల్లో తెలుగులో వివరించి చెప్పే గైడ్లకు

నమస్కారం.

లండన్ దగ్గర్లో ఒక రోజు యాత్ర అనగానే విండ్సర్ కోట, హ్యాంప్టన్ కోర్టు ప్యాలెస్ మీ పట్టికల్లో ముందుంటాయి. ఉండాల్సినవే. అయితే హ్యాంప్టన్ కోర్టుకు రెండు మైళ్ల దూరంలో, థేమ్స్ నదికి అవతలి ఒడ్డున, కింగ్‌స్టన్ అపాన్ థేమ్స్ అనే ఊరు ఉంది. పేరులోనే రాజు ఉన్న ఊరు అది. ఇంగ్లండ్ రాజుల పట్టాభిషేకాలు వెస్ట్‌మిన్‌స్టర్‌లో జరగడం మొదలవక ముందు ఇక్కడ జరిగాయి. యాత్రికులకు మాత్రం అది బస్సు కిటికీలోంచి కనిపించి పోయే షాపుల ఊరు. ఆ ఊరికి ఒక పూట కేటాయించమని, కేటాయించినప్పుడు దాని చరిత్రను తెలుగులో సరిగ్గా చెప్పమని అడగడానికే ఈ లేఖ రాస్తున్నాం.

ప్యాలెస్‌లో కనిపించేది రాజు నివాసం: అతని వంటిళ్లు, పడకగదులు, తోటలు. రాజు కింద బతికిన ఊరు ఎలా నడిచిందో, రాజుకు ఏం చెల్లించిందో, బదులుగా ఏం రాయించుకుందో అక్కడ కనిపించదు. దానికి కింగ్‌స్టన్ చూడాలి.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. తెలుగులో చెప్పేటప్పుడు తప్పులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి.

ఇంగ్లిష్‌లో 'మార్కెట్ టౌన్' అనేదాన్ని 'మార్కెట్ పట్టణం' అని దించేస్తే మన చెవికి మార్కెట్ యార్డు ఉన్న ఊరు అన్నట్టు వినిపిస్తుంది. అసలు అర్థం వేరు. మధ్యయుగపు ఇంగ్లండ్‌లో ఎవరు పడితే వారు సంత పెట్టడానికి వీల్లేదు. సంత పెట్టుకునే హక్కు రాజు ఇవ్వాలి, లేదా అనాదిగా ఉందని రుజువు చేసుకోవాలి. ఆ హక్కు ఉంటే అమ్మకాల మీద సుంకం వసూలు చేయవచ్చు, బల్ల వేసుకున్నవాడి దగ్గర చోటు అద్దె తీసుకోవచ్చు, తూనికలు కొలతలు తనిఖీ చేయవచ్చు. పొరుగూరి నుంచి వచ్చిన వ్యాపారితో తగాదా వస్తే వాడు మర్నాడు ఊరు దాటకముందే తేల్చే కోర్టు కూడా ఇలాంటి సంతల్లో ఉండేది. దాన్ని పైపౌడర్ కోర్టు అనేవారు. పాత ఫ్రెంచిలో ఆ మాటకు 'దుమ్ము కొట్టుకున్న కాళ్లు' అని అర్థం. కాబట్టి 'సంత హక్కు ఉన్న ఊరు' అనండి. నాలుగు మాటలు ఎక్కువైనా విషయం అందుతుంది.

'చార్టర్'ను 'శాసనం' అంటే రాతి శాసనమో, అసెంబ్లీ చేసిన చట్టమో అనుకుంటారు. అది తోలు మీద రాసి మైనపు ముద్ర వేసిన పత్రం. మనకు చక్కటి మాట ఉంది: పట్టా. రాజముద్ర ఉన్న పట్టా. ఇచ్చినవాడి వారసుడు దాన్ని కాదనే ప్రమాదం ఉండేది గనుక కొత్త రాజు గద్దెనెక్కినప్పుడల్లా ఊళ్లు పాత పట్టాలు పట్టుకెళ్లి, రుసుము కట్టి, మళ్లీ ఖాయం చేయించుకునేవి. ఒకే ఊరికి ఇన్ని చార్టర్లు ఎందుకున్నాయని యాత్రికులు తప్పకుండా అడుగుతారు. జవాబు ఇదే.

ఇక 'ఫీ ఫార్మ్'. దీన్ని వ్యవసాయానికి ముడిపెట్టి 'రుసుము పొలం' లాంటి అనువాదం చేస్తే మొత్తం చెడిపోతుంది. ఇది అచ్చంగా మన గుత్త. పంచాయతీ సంతను వేలం వేస్తే పాట పాడుకున్నవాడు నిర్ణీత సొమ్ము కట్టి ఏడాది పొడవునా సుంకం వసూలు చేసుకుంటాడు కదా, అదే పద్ధతి. తేడా ఏమిటంటే, ఇక్కడ పాడుకున్నది ఒక మనిషి కాదు, ఊరు ఊరంతా. అదీ శాశ్వతంగా. అంతకుముందు రాజు తరఫున షెరీఫ్ వచ్చి వసూలు చేసేవాడు. ఎంత లాగితే అంత. గుత్త కుదిరాక ఊరివాళ్లే వసూలు చేసుకుని, నిర్ణయించిన మొత్తాన్ని ఏటా ఖజానాకు కడతారు. వరదో తెగులో వచ్చిన ఏడాది నష్టం ఊరిది. సంత కళకళలాడిన ఏడాది మిగులూ ఊరిదే. అంకె మారదు గనుక వందేళ్లు గడిచేసరికి ధరలు పెరిగి ఆ భారం తేలికవుతుంది.

కింగ్‌స్టన్‌కు ఇలాంటి పట్టా ఇచ్చింది జాన్ రాజు. మొదటిది 1200లో. ఇప్పటికీ మిగిలి ఉన్నవాటిలో పాతది 1208 నాటిది, ఊరి పత్రాల భాండాగారంలో ఉంది. రెంటికీ మధ్య ఎనిమిదేళ్లే. ఈలోగా 1204లో జాన్ నార్మండీని పోగొట్టుకున్నాడు, దాన్ని తిరిగి గెలవడానికి డబ్బు కావాలి. అతను చాలా ఊళ్లకు ఇలా హక్కులు అమ్మాడు. 'ఉదారంగా ప్రసాదించాడు' అని దయచేసి చెప్పకండి. అది రెండు పక్షాల మధ్య కుదిరిన బేరం. ఊరివాళ్ల తెలివి కూడా అందులో ఉంది. తర్వాత 1481లో నాలుగో ఎడ్వర్డ్ బరో హోదా, అంటే తన పాలన తానే చూసుకునే పట్టణం హోదా ఇచ్చాడు.

అన్నిటికన్నా గట్టి హక్కు వచ్చింది 1628లో, మొదటి చార్లెస్ నుంచి: కింగ్‌స్టన్‌కు ఏడు మైళ్ల లోపల మరో సంత పెట్టకూడదు. ఏడు మైళ్లే ఎందుకు? బ్రాక్టన్ పేరుతో ప్రసిద్ధమైన 13వ శతాబ్దపు న్యాయగ్రంథంలో దీని వెనకున్న లెక్క ఉంది. మనిషి రోజుకు 20 మైళ్లు నడుస్తాడనుకుని ఆ రోజును మూడు భాగాలు చేశారు. ఒక భాగం సంతకు వెళ్లడానికి, ఒక భాగం అమ్మడానికీ కొనడానికీ, ఒక భాగం దొంగల భయం లేకుండా వెలుగుండగానే ఇల్లు చేరడానికి. ఇరవైలో మూడో వంతు అంటే ఆరు మైళ్ల మీద ఇంకో మైలులో మూడింట రెండు వంతులు. అంతకన్నా దగ్గర్లో ఇంకో సంత లేస్తే పాత సంతకు నష్టమని పాత న్యాయం. చార్లెస్ పట్టా దాన్ని ఏడుకు సరిచేసింది. ఏడు మైళ్ల వ్యాసార్ధమంటే 150 చదరపు మైళ్లకు పైగా నేల. ఈ లెక్కను మార్కెట్ ప్లేస్ నడిబొడ్డున నిలబెట్టి చెప్పండి. పల్లెటూరి సంతలు చూసి పెరిగిన పెద్దవాళ్లకు ఇది వెంటనే పట్టుబడుతుంది, పిల్లలకు వాళ్లే వివరిస్తారు.

ఆ మార్కెట్ ప్లేస్‌లో ఇప్పటికీ బల్లలు వేసి అమ్ముతారు. మధ్యలో ఉన్న మార్కెట్ హౌస్ 1838–40 నాటి కట్టడం. దాని నుదుటిన బంగారు పూతతో మెరిసే సీసపు విగ్రహం ఆన్ రాణిది, 1706లో ఫ్రాన్సిస్ బర్డ్ చేశాడు. విగ్రహం భవనం కన్నా పాతదని గుర్తుపెట్టుకోండి. పాత భవనం పోయినా రాణిని మాత్రం కొత్తదాని మీదకు ఎక్కించారు. విక్టోరియా రాణి అని పొరపాటు పడడం తేలిక, ఎందుకంటే భవనం కాలం ఆమెది.

ఇప్పుడు రాయి దగ్గరకు వద్దాం. ఊరి పాలనా భవనమైన గిల్డ్‌హాల్ పక్కన, నీలం రంగు ఇనుప కంచె లోపల, ఏడు ముఖాల పీఠం మీద బూడిదరంగు ఇసుకరాతి బండ ఒకటి ఉంటుంది. దీన్నే కారొనేషన్ స్టోన్ అంటారు. టికెట్టు లేదు, వేళలు లేవు, ఎప్పుడైనా చూడవచ్చు. ఏడు ముఖాల మీద ఏడుగురు ఆంగ్లో-సాక్సన్ రాజుల పేర్లుంటాయి: పెద్ద ఎడ్వర్డ్, ఏథెల్‌స్టన్, ఎడ్మండ్, ఎడ్రెడ్, ఎడ్విగ్, హతుడైన ఎడ్వర్డ్, ఏథెల్‌రెడ్. 1850లో ఈ పీఠం కట్టినప్పుడు ఒక్కో రాజు కాలపు నాణేన్ని కూడా చేర్చారు.

ఇక్కడే వ్యాఖ్యానాలు ఎక్కువగా గాడి తప్పుతాయి. 'ఈ రాతి మీద కూర్చోబెట్టి ఏడుగురు రాజులకు పట్టం కట్టారు, అందుకే ఊరికి కింగ్‌స్టన్ అని పేరొచ్చింది' అనే వాక్యం వినడానికి బాగుంటుంది. అందులో మూడు తప్పులున్నాయి.

మొదటిది పేరు. ఊరి పేరు 838 నాటి పత్రంలోనే 'కినింగెస్ టూన్' అని ఉంది. 'టూన్' అంటే ఎస్టేటు, ఊరు. అంటే రాజుగారి ఊరు. రాయికీ పేరుకీ సంబంధం లేదు. ఆ ఏడాది వెసెక్స్ రాజు ఎగ్‌బర్ట్, అతని కొడుకు ఏథెల్‌వుల్ఫ్, కాంటర్‌బరీ ఆర్చిబిషప్ చెయోల్‌నోత్ ఇక్కడ సమావేశమై ఒడంబడిక చేసుకున్నారు. ఆ పత్రం ఈ చోటును 'ప్రసిద్ధమైన స్థలం' అంటుంది. రాళ్ల కథలన్నిటికన్నా ఇదే బలమైన ఆధారం.

రెండోది ఏడుగురి లెక్క. ఆ కాలానికి దగ్గరి రాతలు ఇక్కడ పట్టాభిషేకం జరిగిందని చెప్పేది ముగ్గురికి: 925లో ఏథెల్‌స్టన్, 946లో ఎడ్రెడ్, 979లో ఏథెల్‌రెడ్. మిగిలినవారి పేర్లు చేర్చింది తర్వాతి శతాబ్దాల చరిత్రకారులు. వాళ్లు చెప్పింది నిజమూ కావచ్చు. కాబట్టి 'ముగ్గురికి ఆధారం ఉంది, నలుగురికి సంప్రదాయం ఉంది' అని చెప్పండి. పీఠం మీద ఏడు పేర్లు చూస్తున్నవాళ్లకు ఈ తేడా చెప్పినందువల్ల ఆసక్తి పోదు, ఏ పేరు ఏ లెక్కలోదో వెతుకుతారు.

మూడోది రాతి మీద కూర్చోవడం. ఆంగ్లో-సాక్సన్ రాతలు వేటిలోనూ ఈ రాయి ప్రస్తావన లేదు. ఆల్ సెయింట్స్ చర్చికి దక్షిణాన ఆనుకుని సెయింట్ మేరీ చాపెల్ ఉండేది. పట్టాభిషేకాలు జరిగిన చోటని దాన్ని చెప్పుకునేవారు, లోపల ఆ రాజుల బొమ్మలు కూడా ఉండేవి. గోడల పక్కనే సమాధులు తవ్వుతూ పోయేసరికి పునాది సడలి 1730లో ఆ చాపెల్ కూలింది. అప్పుడు సమాధి తవ్వుతున్న కాటికాపరి చనిపోయాడు. శిథిలాల కింద నుంచి బతికి బయటపడిన అతని కూతురు హెస్టర్ హామర్‌టన్ తర్వాత తండ్రి ఉద్యోగం చేసింది. రాయి ఆ శిథిలాల్లో దొరికిందంటారు. ఆ తర్వాత చాలాకాలం సంతకు వచ్చినవాళ్లు గుర్రం ఎక్కడానికి దాని మీద కాలు పెట్టేవారు. 1850లో పీఠమెక్కింది, 1930లలో గిల్డ్‌హాల్ దగ్గరకు చేరింది. ఈ ప్రయాణమంతా చెప్పండి. బండను మాత్రమే చూపించి వదిలేస్తే ఫోటో తీసుకుని రెండు నిమిషాల్లో కదిలిపోతారు.

ఒక విషయంలో తెలుగు మనకు ఇంగ్లిష్ కన్నా మంచి మాట ఇచ్చింది. 'కారొనేషన్' అంటే కిరీటం పెట్టడం. ఆనాటి ఇంగ్లిష్ రాతల్లో వాడిన మాటకు 'పవిత్రం చేశారు' అని అర్థం. అంటే ఆర్చిబిషప్ చేతి తైలంతో అభిషేకం. కిరీటం దానికి తోడు. 'పట్టాభిషేకం'లో పట్టమూ ఉంది, అభిషేకమూ ఉంది. దాన్నే వాడండి, 'కిరీటధారణ' వద్దు.

ఏథెల్‌స్టన్ గురించి రెండు నిమిషాలు ఎక్కువ తీసుకోండి. తండ్రి పెద్ద ఎడ్వర్డ్ 924 జులైలో చనిపోయాడు. మెర్షియా వాళ్లు ఏథెల్‌స్టన్‌ను రాజన్నారు. వెసెక్స్ సవతి తమ్ముడు ఏల్ఫ్‌వేర్డ్ వైపు మొగ్గింది. అతను రెండు వారాలు దాటగానే పోయాడు. అయినా వెసెక్స్ వెంటనే ఒప్పుకోలేదు. అభిషేకం జరిగేసరికి 925 సెప్టెంబర్ 4. అంటే ఏడాదికి పైగా ఆలస్యం. రెండు రాజ్యాల సరిహద్దు థేమ్స్. ఆ సరిహద్దు మీద, నది దాటే రేవు దగ్గర, ఎప్పటినుంచో రాజుది అయిన ఊరు కింగ్‌స్టన్. ఇటువాళ్లూ అటువాళ్లూ రాగలిగిన చోటు. వెసెక్స్ ప్రధాన నగరం వించెస్టర్ ఉండగా ఇక్కడెందుకు అని అడిగితే మేం చెప్పే కారణం ఇదే. రాజైన కొద్ది రోజులకే అతను ఎడ్‌హెల్మ్ అనే బానిసను విడుదల చేశాడని ఒక సువార్త పుస్తకంలో రాసి ఉంది. నాణేల మీద కిరీటంతో కనిపించే మొదటి ఇంగ్లిష్ రాజు కూడా ఇతనే. 927లో యార్క్‌ను పట్టుకున్నాక ఇంగ్లిష్ వాళ్లందరికీ రాజయ్యాడు. కాబట్టి 'ఇంగ్లండ్ మొదటి రాజుకు ఇక్కడ పట్టం కట్టారు' అనేది సగం సరి: ఇక్కడ అభిషేకం జరిగిన రెండేళ్లకు అతను ఆ మాటకు తగినవాడయ్యాడు.

ఏడో ముఖం మీది ఏథెల్‌రెడ్‌ను ఇంగ్లిష్‌లో 'అన్‌రెడీ' అంటారు. దీన్ని 'సిద్ధంగా లేని రాజు' అని అనువదించకండి. పాత ఇంగ్లిష్‌లో 'రేడ్' అంటే సలహా, ఆలోచన. ఏథెల్‌రెడ్ అంటే ఉదాత్తమైన ఆలోచన కలవాడు, 'అన్‌రేడ్' అంటే చెడు సలహా. పేరు మీద వేసిన చమత్కారం అది. 'సుమతి అని పేరు, నడిచింది దుర్మతుల మాట మీద' అంటే తెలుగువారికి ఇట్టే తెలుస్తుంది. అలాగే ఎడ్విగ్ పట్టాభిషేక విందు వదిలి ఆడవాళ్ల దగ్గరకు వెళ్తే మఠాధిపతి డన్‌స్టన్ లాక్కొచ్చాడనే కథ చెబితే, అది డన్‌స్టన్ పక్షం వాళ్లు రాసిన కథ అని కూడా చెప్పండి.

ఈ పీఠం నుంచి బయల్దేరిన మరో ముచ్చట. కదిలే బొమ్మల చరిత్రలో పెద్ద పేరైన ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ 1830లో ఈ ఊళ్లోనే పుట్టాడు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒక్క క్షణం నేలను వదులుతాయని ఫోటోలతో చూపించినవాడు ఆయనే. ఎడ్వర్డ్ అనే మామూలు పేరును 'ఈడ్‌వియర్డ్' లాంటి పాత స్పెల్లింగుకు మార్చుకున్నాడు. ఆ స్పెల్లింగు ఈ పీఠం మీద చూసి తీసుకున్నదేనని చెబుతారు. ఆయన వదిలిన సామగ్రి కింగ్‌స్టన్ మ్యూజియంలో ఉంది. సినిమా అంటే ప్రాణమిచ్చే మనవాళ్లను అక్కడికి తీసుకెళ్లకుండా తిరిగి రాకండి. ఏ రోజుల్లో తెరుస్తారో మాత్రం ముందుగా చూసుకోవాలి.

రాయికి నాలుగడుగుల్లో హాగ్స్‌మిల్ వాగు మీద క్లాటర్న్ వంతెన ఉంది. 1293 నాటికే దాని ప్రస్తావన ఉంది, ఇప్పటికీ వాడుకలో ఉంది. నిలబడి చూసి కదలండి. ఎక్కువ సమయం థేమ్స్ మీది పెద్ద వంతెనకు ఉంచుకోండి. 1729లో పట్నీలో వంతెన వచ్చేదాకా లండన్ బ్రిడ్జి తర్వాత నది పైవైపు వచ్చే మొదటి వంతెన కింగ్‌స్టన్‌దే. దాని విలువ 1554 ఫిబ్రవరిలో తెలిసింది. మేరీ రాణి స్పెయిన్ ఫిలిప్‌ను పెళ్లాడబోతోందని తిరగబడ్డ సర్ థామస్ వయట్‌కు లండన్ బ్రిడ్జి దగ్గర దారి దొరకలేదు. సైన్యంతో పైకి నడిచి ఇక్కడికొస్తే వంతెన విరగ్గొట్టి ఉంది. దాన్ని బాగుచేసి దాటేసరికి సమయం పోయింది. లండన్ చేరినా లడ్‌గేట్ అనే నగర ద్వారం తెరుచుకోలేదు. పట్టుబడి ఏప్రిల్‌లో ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇప్పటి రాతి వంతెనను 1828లో క్లారెన్స్ డచెస్ ప్రారంభించింది. రెండేళ్లకు ఆమే అడిలైడ్ రాణి. పాత వంతెన అవశేషాలు ఇప్పుడు నది ఒడ్డున జాన్ లూయిస్ దుకాణం కట్టడం కింద భద్రంగా ఉన్నాయి.

జాన్ లూయిస్ అనే పేరు ఇంకో సందర్భంలో వస్తుంది, ఆ దుకాణంతో కలపకండి. 1637లో మొదటి చార్లెస్ వేట కోసం రిచ్‌మండ్ పార్కు చుట్టూ గోడ కట్టించాడు. రైతుల పొలాలు, ఉమ్మడి నేలలు లోపల పడ్డాయి, కాలిబాటలు మాత్రం వదిలాడు. ఊరికి ఏకహక్కు సంత ఇచ్చిన రాజే ఊరి పక్క నేలకు గోడ కట్టాడని యాత్రికులకు గుర్తుచేయండి. 1751లో రెండో జార్జ్ కూతురు అమీలియా పార్కు అధికారం చేపట్టి మామూలు జనానికి తలుపులు మూసింది. జాన్ లూయిస్ అనే బీరు తయారీదారు కోర్టుకెక్కాడు. 1758లో తీర్పు వచ్చింది కింగ్‌స్టన్‌లో కూర్చునే అసైజ్ కోర్టులో (న్యాయమూర్తులు ఊరూరా తిరుగుతూ నడిపే కోర్టు), రాజకుమార్తెకు వ్యతిరేకంగా. తలుపు కావాలా, గోడ మీద నిచ్చెన కావాలా అని న్యాయమూర్తి అడిగితే లూయిస్ నిచ్చెన అన్నాడు. జింకలు పోతాయని తలుపును మూసి ఉంచాలి, మూసి ఉంటే గడియ పడుతుంది, గడియ ఉంటే లోపలికి రావడానికి ఎవర్నో అడగాలి. తర్వాత మెట్ల మధ్య దూరం ఎక్కువగా ఉందని, పిల్లలు, ముసలివాళ్లు ఎక్కలేకపోతున్నారని మళ్లీ ఫిర్యాదు చేశాడు. వాళ్లు ఎక్కగలిగేలా చేయించమని న్యాయమూర్తి సర్ మైకేల్ ఫాస్టర్ చెప్పాడు. మెట్టుకూ మెట్టుకూ మధ్య దూరం దాకా పట్టుబట్టినందుకే ఆ తీర్పు కాగితం మీద మిగిలిపోకుండా నేల మీద పనిచేసింది. రాజుల ఊళ్ల గురించి చెప్పేటప్పుడు ఈ కథను వదిలేయవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాం.

హ్యాంప్టన్ కోర్టుతో ఈ ఊరికి ఉన్న అసలు బంధం నేల కింద ఉంది. ప్యాలెస్ పక్కనే థేమ్స్ పారుతున్నా అందులో జనం తాగే నీళ్లు కింగ్‌స్టన్ దగ్గరి కూంబ్ గుట్ట ఊటల నుంచి వచ్చేవి. నది నీటిని తోడి పైకెక్కించాలి, పైగా బురద. గుట్ట మీది ఊట నీరు శుభ్రం, ఎత్తు నుంచి దిగుతుంది గనుక తోడకుండానే ప్యాలెస్ చేరుతుంది. 16వ శతాబ్దంలో మూడు చోట్ల చిన్న ఇటుక గదులు కట్టారు: కూంబ్, గాలోస్, ఐవీ కాండ్యుట్లు. ఊట ముందు తొట్టిలోకి చేరుతుంది, ఇసుక, మట్టి అడుక్కి దిగాక తేట నీరు సీసపు గొట్టంలోకి పోతుంది. తొట్టిని దాటవేస్తే మట్టి గొట్టంలో పేరుకుని నీరు ఆగిపోతుంది. అక్కడి నుంచి మూడు మైళ్లకు పైగా, హాగ్స్‌మిల్ వాగు కింద నుంచీ థేమ్స్ అడుగు నుంచీ గొట్టాలు వేశారు. దారిలో 'ట్యామ్‌కిన్' అనే చిన్న గదులు ఉండేవి. ఎక్కడైనా అడ్డుపడితే మూడు మైళ్లూ తవ్వకుండా ఏ రెండు గదుల మధ్య ఆగిందో కనిపెట్టడానికి అవి. ఈ నీళ్లు 1876 దాకా ప్యాలెస్‌కు వెళ్లాయి. కూంబ్ కాండ్యుట్ ఇప్పుడు పాత కట్టడాలను చూసుకునే ఇంగ్లిష్ హెరిటేజ్ సంస్థ చేతిలో ఉంది, ఏడాదిలో కొద్ది రోజులే తెరుస్తారు. ఊరి నడక నుంచి దూరం, ఎత్తు ఎక్కాలి. దాన్ని అదే పూటలో ఇరికించకండి. ఇంజినీర్లు, నీటిపారుదల తెలిసినవాళ్లు ఉన్న బృందమైతే తెరిచే రోజు చూసుకుని విడిగా పెట్టండి.

ఊరు 'రాయల్ బరో' ఎలా అయ్యిందన్న ప్రశ్నకు ఎనిమిదో హెన్రీ పేరు చెప్పేస్తుంటారు. అది తప్పు. ఆ హోదా పాత వాడుకగా వస్తూ ఉంది, 1927లో ఐదో జార్జ్ అధికారికంగా ధ్రువీకరించాడు. 1965లో పక్క ప్రాంతాలతో కలిసి లండన్ బరోగా మారినా బిరుదు వెంట వచ్చింది. హ్యాంప్టన్ కోర్టు కింగ్‌స్టన్‌లో ఉందనడమూ తప్పే. నది దాటితే అది రిచ్‌మండ్ బరో. ఇంత రాచరికం ఉన్న ఊరి చిహ్నంలో ప్రధానంగా కనిపించేవి మూడు చేపలు. 1086లో విలియం రాజు చేయించిన డూమ్స్‌డే లెక్కల్లోనే ఇక్కడి చేపల రేవులు, ఐదు మరలు నమోదయ్యాయి. ఊరికి కూడు పెట్టినవి అవే.

పూట ఎలా గడపాలో మా సలహా ఇది. లండన్ వాటర్లూ నుంచి కింగ్‌స్టన్‌కు నేరుగా రైళ్లున్నాయి, అరగంట చిల్లర. స్టేషన్ నుంచి మార్కెట్ ప్లేస్‌కు పది నిమిషాల నడక, దారి చదునుగా ఉంటుంది, చక్రాల కుర్చీకీ ఇబ్బంది లేదు. మార్కెట్ ప్లేస్ నడిచేవాళ్లకే. సొంత బస్సులో వస్తే అక్కడిదాకా రాదు, దించే చోటు ముందే ఖరారు చేసుకోండి. సంతలో ముప్పావుగంట, ఎందుకంటే జనం ఏదో ఒకటి కొని తింటారు, ఆ సమయాన్ని మీరు తీయలేరు. చర్చి, కూలిన చాపెల్ చోటు కలిపి ఇరవై నిమిషాలు. రాయి దగ్గర అరగంట తగ్గించకండి. అక్కడ బృందాన్ని కంచె చుట్టూ తిప్పండి. ఒకే వైపు నిలబెడితే ఏడు పేర్లలో రెండే కనిపిస్తాయి. క్లాటర్న్ వంతెన నుంచి నది ఒడ్డు వెంట పెద్ద వంతెనకు రావచ్చు. అక్కడి నుంచి హీత్రో వైపు వెళ్లే 111 నంబరు బస్సు హ్యాంప్టన్ కోర్టు మీదుగా పోతుంది. నడిచే ఓపిక ఉన్నవాళ్లకు వంతెన దాటాక నది అవతలి ఒడ్డున బార్జ్ వాక్ అనే బాట ఉంది, ప్యాలెస్ దాకా సుమారు మూడు మైళ్లు. నది వంపు తిరగడం వల్ల రోడ్డు కన్నా దూరం. మధ్యలో దుకాణాలుండవు, నీళ్లు, పిల్లల తిండి కింగ్‌స్టన్‌లోనే తీసుకోండి.

క్రమం తిప్పకండి. ముందు ప్యాలెస్, తర్వాత ఊరు అని పెడితే అందరూ అలసిపోయి వస్తారు, రాయి రాయిలాగే కనిపిస్తుంది. పొద్దున ఊరు చూస్తే మధ్యాహ్నం హ్యాంప్టన్ కోర్టులో గొట్టాల సంగతి, నది అవతలి సంత సంగతి వాళ్లే అడుగుతారు.

మీరు యాత్రికులకిచ్చే తెలుగు కరపత్రాల్లో పై తప్పులు ఉంటే తర్వాతి ముద్రణలో సరిచేయమని మా విన్నపం. పూర్తిగా తిరగరాయనక్కర్లేదు. 'ఏడుగురు' దగ్గర 'ముగ్గురికి ఆధారం, నలుగురికి సంప్రదాయం' అని చేర్చండి. ఊరి పేరు రాతి నుంచి వచ్చిందన్న వాక్యం తీసేసి 838 పెట్టండి. 'ప్రసాదించాడు' ఉన్నచోట 'గుత్తకిచ్చాడు' అని మార్చండి.

ఇట్లు,
కింగ్‌స్టన్ చరిత్రను శ్రద్ధగా చదివే కొందరు తెలుగువాళ్లం